నీళ్ళ చప్పుడు వినడానికి పోయేవాళ్ళం

మొన్న సాయంత్రం మిద్దె మీద నీళ్ళు చల్లాను. కర్నూలు ఎండల సంగతి తెలిసిందే. పొద్దు కుంకినాక కూడా బండలు కాలుతూనే ఉంటాయి, నీళ్ళు చల్లకపోతే రాత్రి పడుకోలేం. మా మిద్దె మీద పరిచినవి నాపబండలు. బకెట్టు వంచగానే సుయ్యిమంది. ఆవిరితో పాటు ఒక వాసన లేచింది. తొలకరి మట్టి వాసన గురించి అందరూ చెప్తారు గానీ, తడిసిన రాయికీ ఒక వాసన ఉంటుంది. సున్నం, ఇనుము, దుమ్ము కలిసిన వాసన. మా నాయన చొక్కా వాసన అది. ఖాళీ బకెట్టు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. బండలు ఆరిపోయేదాకా అహోబిలమే కండ్ల ముందు.

* * *

మా ఊరు బనగానపల్లెకూ కొలిమిగుండ్లకూ నడుమ ఉంటుంది. మా వైపు నేలంతా నాపరాయి. ఇంటి గోడ నాపరాయి, మిద్దె కప్పు నాపరాయి, పెరటి చుట్టూ నిలబెట్టిన కంచె నాపరాయి, గొడ్లకు నీళ్ళు పోసే తొట్టి నాపరాయి. ఊళ్ళో మగవాళ్ళు కొందరు గనులకు పోయేవాళ్ళు, కొందరు పాలిష్ ఫ్యాక్టరీలకు. మా నాయన గనికి పోయేవాడు.

గనిలో రాయి పొరలు పొరలుగా ఉంటుంది. పొర సందులో ఉలి పెట్టి సుత్తెతో కొట్టుకుంటూ పోయి, సందు విడినాక నలుగురు గడ్డపారలు దూర్చి ఒక్కసారిగా ఎత్తుతారు. ఎత్తేముందు నాయన బండ మీద సుత్తెతో చిన్నగా కొట్టి వినేవాడు. కంచు పలికినట్టు ఖంగుమంటే మంచి బండ. మొద్దుగా పలికితే లోపల ఎక్కడో పగులు ఉన్నట్టు. ఒకసారి నన్ను గనికి తీసుకుపోయి రెండు బండలు కొట్టి వినిపించాడు.

"ఏది మంచిదో చెప్పు పాపా."

నాకు రెండూ ఒకటిగానే వినిపించాయి.

"కండ్లు మూసుకో."

కండ్లు మూసుకున్నాక తెలిసింది.

ఇంట్లో కూడా ఏది చేతికి వచ్చినా కొట్టి చూసేవాడు. కొత్త కుండ, టెంకాయ, కర్బూజ. మా నెత్తి మీద వేలి గణుపుతో టక్కున కొట్టి "బాగనే పలుకుతాంది" అనేవాడు. ఆ వేళ్ళు ఎప్పుడూ పగిలి ఉండేవి. రాత్రిపూట కొవ్వొత్తి కరిగించి ఆ పగుళ్ళలో మైనం బొట్లు పోసుకునేవాడు. వేడి మైనం పడ్డప్పుడల్లా పళ్ళ సందున గాలి పీల్చే చప్పుడు, పక్క గదిలో పడుకున్న మాకు వినిపించేది.

* * *

వాన పడితే అందరికీ సంతోషం. మా ఇంట్లో మాత్రం అమ్మకు టెన్షన్. గనిలోకి నీళ్ళు చేరితే పని ఆగిపోతుంది. డీజిల్ ఇంజను పెట్టి నీళ్ళు తోడించేదాకా, తోడించినాక అడుగున బురద ఆరేదాకా పని లేదు. పని లేకపోతే శనివారం బట్వాడా లేదు. దసరా ముందర పడే వానలకు ఒక్కోసారి మూడు వారాలు నాయన ఇంట్లోనే ఉండేవాడు. అమ్మ డబ్బాలు దులిపి చూసుకునేది. అంగట్లో ఖాతా పెరిగేది.

గని యజమాని లారీ కూడా అప్పుడు ఖాళీగానే ఉండేది, ఎత్తడానికి బండలు ఉండవు కాబట్టి. అట్లాంటి రోజుల్లో, కార్తీకం వచ్చినాక, డ్రైవరు మామ వచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు. "డీజిలు పోసుకుంటే చాలంట, అహోబిలం పోదామా?" ఇంటికి ఇంత అని లెక్కగట్టేవాళ్ళు. అమ్మ మొదట వద్దనేది. పని లేని నెలలో ఈ ఖర్చేమిటి అని. నాయన ఎప్పుడూ ఒకటే జవాబు.

"మన పని ఆగినప్పుడే గదా ఆడ నీళ్ళు దుంకేది. పని ఉన్నప్పుడు పోతే ఏం సూస్తావు, ఎండిన బండలా?"

ఈ మాట ఎంత నిజమో పెద్దయ్యాక అర్థమైంది. మా చేతిలో డబ్బు ఉన్న నెలల్లో ఆ వాగులో నీళ్ళు ఉండవు. నీళ్ళు నిండుగా ఉన్న నెలల్లో మా దగ్గర డబ్బు ఉండదు. అయినా పోయేవాళ్ళం. ఏడాదికి ఒక్కరోజు, దూకే నీళ్ళను చూడ్డానికి.

* * *

ముందు రోజు రాత్రి ఎవరూ సరిగ్గా పడుకునేవాళ్ళు కాదు. మూడో జాముకే పొయ్యిలు వెలిగేవి. శనక్కాయలు వేయించే వాసన వీధంతా పాకేది. జొన్నరొట్టెలు తట్టే చప్పుడు ఒక ఇంట్లో ఆగితే ఇంకో ఇంట్లో మొదలయ్యేది. మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, ఓళిగలు చేసేది. బెల్లం ఎక్కువైతే చిరుగుతాయని, పూర్ణం రోట్లో తనే రుబ్బేది, ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు. అమ్మ నిమ్మకాయ చిత్రాన్నం పెద్ద గిన్నెకు కలిపి, గుడ్డ కట్టి, పైన పళ్ళెం బోర్లించేది. పక్కన ఊరిబిండి, ఎర్రకారం. మోదుగాకు విస్తర్ల కట్ట తడిపి గోనెసంచిలో చుట్టేవాళ్ళు.

లారీలో రాతి ముక్కలు గుచ్చుకోకుండా గడ్డి పరిచి పైన జంపఖానాలు వేసేవాళ్ళు. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు నడుమ. మగపిల్లలు క్యాబిన్ పట్టుకుని ముందు నిలబడేవాళ్ళు. మా అన్న ఆ చోటు కోసం కొట్లాడేవాడు. నేను జేజి ఒళ్ళో.

బనగానపల్లె దాటేటప్పటికి తెల్లవారేది. కోవెలకుంట్ల దాటినాక కుందూ నది వస్తుంది. వంతెన మీదికి రాగానే డ్రైవరు మామ ఎవరూ అడగకుండానే బండి నెమ్మది చేసేవాడు. అందరూ లేచి నిలబడేవాళ్ళు. నీళ్ళు పారుతుంటే చాలు, "వస్తాండాయి, వస్తాండాయి" అని ఆడవాళ్ళు దండం పెట్టుకునేవాళ్ళు. జేజి కొంగుముడి విప్పి అయిదు పైసల బిళ్ళ తీసి విసిరేది. అవతలి గట్టు నుంచి లోకం మారిపోయినట్టు ఉండేది. కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద వరిమళ్ళు, గట్ల మీద కొంగలు. ఇంత పచ్చదనం పక్కనే పెట్టుకుని మన ఊరు ఎందుకిట్లా ఉందని చిన్నాయనను అడిగాను. "మన దేవుడు రాయి ఇచ్చినాడు, వీళ్ళ దేవుడు నీళ్ళు ఇచ్చినాడు" అన్నాడు.

ఆళ్లగడ్డలో ఉగ్గాని, బజ్జీలు తినడానికి ఆగేవాళ్ళం. నాయన మాత్రం నాలుగు ముద్దలు తిని చెయ్యి కడుక్కుని రోడ్డు పక్కన శిల్పుల దగ్గరికి పోయేవాడు. ఆళ్లగడ్డ శిల్పులు పేరున్నవాళ్ళు, ఎక్కడెక్కడి గుళ్ళకో అక్కడి నుంచి విగ్రహాలు పోతాయి. సగం చెక్కిన ఆంజనేయులు, ముక్కు లేని అమ్మవార్లు, వరసగా పడుకోబెట్టిన నందులు. నాయన వాళ్ళతో ఏమీ మాట్లాడేవాడు కాదు. చేతులు వెనక కట్టుకుని నిలబడి ఉలి చప్పుడు వినేవాడు. గనిలో ఉలి దెబ్బ వేరు, గట్టిగా ఒకే తీరుగా పడుతుంది. ఇక్కడ టిక్ టిక్ టిక్ మని, మధ్యలో ఆగి, మళ్ళీ టిక్. లారీ హారన్ కొడితే గానీ కదిలేవాడు కాదు.

* * *

దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరదుడికి టెంకాయ కొట్టి, అక్కడి నుంచి ఎనిమిది కిలోమీటర్లు అడవిలో పైకి పోవాలి. రెండు పక్కలా నల్లమల. చెట్లు లారీలోకి వంగి తలలకు తగిలేవి. జేజి చెంచులక్ష్మి కథ చెప్పేది. స్వామి చెంచుల పిల్లను చేసుకున్నాడు కాబట్టి చెంచులకు అల్లుడు. కనుమ నాడు పారువేట మొదలైతే చెంచులు పల్లకీకి బాణాలు గురిపెడతారు. ఆ పైన నలభై రోజులకు పైగా స్వామి పల్లకీలో ముప్పైకి పైగా ఊళ్ళు తిరిగి, తన పెళ్ళికి రమ్మని జనాన్ని తనే పిలుచుకుంటాడు. "ఇంటింటికీ వచ్చి పిలిచే దేవుడు ఇంకెవురున్నారు చెప్పు" అనేది జేజి. మా ఊరు ఆ ఊళ్ళలో లేదు. ఆ లోటు ఆమెకు ఎప్పుడూ ఉండేది. పిలవకపోయినా మనమే పోవాలి అని సర్దిచెప్పుకునేది.

ఎగువ అహోబిలంలో లారీ ఇంజను ఆగిన క్షణం నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అంతసేపూ ఇంజను మోత. అది ఆగగానే ఒక రెండు క్షణాలు ఏమీ లేదు. ఆ తర్వాత కొండ లోపల్నుంచి హోరు. అందరూ మాటలు ఆపేసేవాళ్ళు. చంటిపిల్లలు కూడా. నీళ్ళు ఇంకా కనిపించవు, చప్పుడు మాత్రం వస్తుంది. భవనాశి అది.

గుడి పక్కనుంచే వాగు. స్వామి దర్శనం చేసుకుని, పడుచువాళ్ళంతా జ్వాలా నరసింహుడి దగ్గరికి ఎక్కేవాళ్ళు. నాలుగు కిలోమీటర్ల వరకూ ఉంటుంది. దారి చాలావరకు వాగు వెంబడే, కొన్నిచోట్ల వాగులోనే. రాళ్ళ మీద అడుగు పెట్టి, తడిమి చూసుకుని, ఇంకో అడుగు. నీళ్ళు మోకాళ్ళ దాకా చల్లగా కొరికేవి. అడుగున రాళ్ళు ఎరుపు, పసుపు, ఊదా రంగుల్లో మెరిసేవి. నిలబడితే చిన్న చేపలు వచ్చి కాళ్ళు పొడిచేవి. మారేడు కాయలు, ఎండుటాకులు తిరుగుతూ తిరుగుతూ మమ్మల్ని దాటి కిందికి పోయేవి.

నాయన ఒక పెద్ద బండ దగ్గర ఆగి, గులకరాయి తీసుకుని దాని మీద కొట్టి చెవి ఆనించాడు. నీళ్ళ హోరులో ఏం వినిపించిందో.

"మన రాయి గాదు ఇది. పొర లేదు. ఉలికి లొంగదు" అన్నాడు. ఆ బండ నడుమ నీళ్ళు పడి పడి గిన్నెలాగా గుంత పడి ఉంది. నాయన దాంట్లో చెయ్యి పెట్టి చుట్టూ తిప్పాడు, నునుపు చూస్తున్నట్టు. చాలాసేపు తీయలేదు. పగుళ్ళలో ఉన్న మైనం తెల్లగా కనిపించింది. "ఏ ఉలి లేకుండ ఎంత నున్నగా సేసినాయో సూడు పాపా."

మా వైపు కూడా నీళ్ళు రాయిని తొలుస్తాయి. బెలుం గుహలు మా ఊరికి దగ్గరే. 3,229 మీటర్ల పొడవున భూమి లోపల పారిన నీళ్ళు సున్నపురాయిని తినేసి చేసిన గుహలవి. 2002లో లైట్లు, టికెట్టు వచ్చేముందు అది మాకు చేల మధ్యలో పెద్ద బొక్క, అంతే. బెలుం అన్నా అహోబిలం అన్నా బిలమే. నాయన అనేవాడు, "మన తావ నీళ్ళు దాంకొని పనిజేస్తాయి. ఈడ అందరూ సూస్తాండంగా పనిజేస్తాయి."

* * *

జేజి ప్రతిసారీ పైకి రాకుండా ఎగువ గుడి దగ్గరే వాగులో కాళ్ళు పెట్టుకుని కూర్చునేది. ఒక ఏడు పట్టుబట్టింది. "ఒక్కసారి ఆ నీళ్ళు నెత్తిన పడాల, ఇంగ మళ్ళ వస్తానో రానో." డోలీకి అడిగిన డబ్బు మా దగ్గర లేదు. నాయన, చిన్నాయన మార్చుకుంటూ వీపున ఎత్తుకుని పోయారు. ఎప్పుడూ బండలు మోసే వీపులే. అయినా రాళ్ళ మీద తడబడ్డప్పుడల్లా వెనక వచ్చే అమ్మ "పైలం, పైలం" అని అరిచేది.

జ్వాలా నరసింహుడి గుడి ముందర, కొండ అంచు నుంచి నీళ్ళు దారి మీదికే దూకుతాయి. గుడికి పోవాలంటే ఆ నీళ్ళ కిందినుంచే పోవాలి. వానలు బాగా పడిన ఏడు అది. పైకి చూస్తే తెల్లటి దారాలు ఊడి పడుతున్నట్టు, గాలి తోసినప్పుడు అటూ ఇటూ ఊగుతున్నట్టు ఉంది.

జేజిని దాని కింద నిలబెట్టారు.

మా ఇంటి వెనక చేదబావి ఉండేది. పది మట్ల లోతు. ఎండాకాలం చేంతాడుకు ఇంకో తాడు ముడేసేవాళ్ళు. జేజి కాపురానికి వచ్చిన నాటి నుంచి ఇంటిల్లిపాదికీ, గొడ్లకూ నీళ్ళు తోడింది ఆమే. అరచేతుల్లో తాడు గీసిన గీతలు నల్లగా ఉండేవి. మాకు నీళ్ళు పోసేటప్పుడు చెంబులు లెక్కపెట్టి పోసేది, పిల్లకు ఎనిమిది చెంబులు. తను ఎన్ని పోసుకునేదో మేం ఎప్పుడూ చూడలేదు.

నీళ్ళు నెత్తిన పడగానే కెవ్వుమంది. తర్వాత నవ్వింది. ముడి ఊడిపోయి తెల్ల వెంట్రుకలు ముఖానికి అతుక్కుపోయాయి. రెండు చేతులూ దోసిలి పట్టి పైకెత్తి, నిండిపోయి కారిపోతుంటే మళ్ళీ పట్టుకుంటూ, నాయన వైపు తిరిగి అడిగింది.

"ఎవురు తోడుతాండార్రా ఇన్ని నీళ్ళు?"

ఉత్తుత్తికి అన్న మాట కాదది. నిజంగానే అడిగింది. నాయన జవాబు చెప్పలేదు. జారిపోకుండా ఆమె రెండు రెక్కలూ పట్టుకుని తనూ తడుస్తూ నిలబడ్డాడు.

* * *

ఆ రోజు ఓళిగలు కోతులు ఎత్తుకుపోయాయి. విస్తర్లు పరుస్తుంటే ఒక గండుకోతి వచ్చి మూట పట్టుకుని చెట్టెక్కింది. జేజి తిట్టలేదు. "తిననీలే, వాటికి మాత్రం ఓళిగలు ఎవురు జేస్తారు" అంది. చిత్రాన్నంలో ఊరిబిండి నంజుకుని తిన్నాం. తడి బట్టల్లో వణుకుతూ తిన్న ఆ చిత్రాన్నం రుచి మళ్ళీ ఎక్కడా రాలేదు, అమ్మ చేతిదైనా సరే. కింద నన్నారి వేళ్ళు, తేనె అమ్మే చెంచులామె దగ్గర అమ్మ బేరం ఆడకుండా నన్నారి కట్ట కొన్నది.

బయలుదేరేముందు జేజి తప్పకుండా చేసే పని ఒకటుంది. రాగి చెంబు వాగులో ముంచి, మూతికి గుడ్డ కట్టి, దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకునేది. లారీ ఎగిరినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టేది. ఇంటికి చేరేటప్పటికి రాత్రి అయ్యేది. ఇంట్లోకి పోకుండా నేరుగా పెరట్లోకి పోయి, ఆ చెంబు నీళ్ళు మా బావిలో వంచేది. పిల్లలమంతా గిలక చుట్టూ చేరి చెవులు రిక్కించేవాళ్ళం. కాసేపు ఏమీ ఉండేది కాదు. తర్వాత ఎక్కడో లోపల బుడబుడమని చిన్న చప్పుడు.

"ఎందుకు జేజీ?"

"ఈ నీళ్ళు లోపలున్న నీళ్ళకు దారి జెప్తాయి. ఆన్నించి ఈడికి ఎట్ల రావాలనో."

* * *

తర్వాత చాలా మారింది. సుత్తె, ఉలి పోయి గనుల్లోకి కటింగ్ మిషన్లు వచ్చాయి. గనులు లోతుకు దిగాయి, మోటర్లు రాత్రీ పగలూ నీళ్ళు తోడుతూనే ఉన్నాయి. మా బావి ఏటికేడు దిగింది, ఒక వేసవిలో ఎండింది, మళ్ళీ ఊరలేదు. అప్పటికే జేజి లేదు. నాయన గని మానేశాక కూడా దగ్గు మానలేదు. ఏళ్ళ తరబడి పీల్చిన రాతి దుమ్ము అది. చివరి రోజుల్లో మంచం పక్కనున్న గోడ మీద వేలి గణుపుతో కొడుతూ ఉండేవాడు. మందుల బాధ అనుకునేవాళ్ళం. నాకు మాత్రం ఆయన వింటున్నాడనిపించేది.

పోయిన కార్తీకంలో, నాయన సంవత్సరీకం అయినాక, అన్న కారులో మళ్ళీ అహోబిలం పోయాం. 2022 నుంచి అదీ, మా ఊరూ నంద్యాల జిల్లాలోకి పోయాయి. దారిలో ఇనుప కమ్ములు, మెట్లు వచ్చాయి. మంచిదే, ముసలివాళ్ళు ఎక్కగలుగుతున్నారు. జ్వాల దగ్గర జనం నీళ్ళ కిందికి పోయి, ఫోను తడుస్తుందని వెంటనే బయటికి వచ్చేస్తున్నారు. మా అన్న కూతురు మాత్రం బయటికి రాలేదు. పిలిచినా వినిపించుకోలేదు. పెదాలు నీలం అయ్యేదాకా అక్కడే నిలబడింది.

నాయన చెయ్యి పెట్టిన బండ కోసం వెతికాను. వాగు ఎన్ని వరదలు చూసిందో, దొరకలేదు. గుంత పడిన బండలు చాలా ఉన్నాయి. ఒకదాంట్లో చెయ్యి పెట్టి తిప్పి చూశాను. నున్నగా ఉంది.

అమ్మ పైకి ఎక్కలేకపోయింది. మేం దిగి వచ్చేటప్పటికి ఎగువ గుడి దగ్గర, జేజి కూర్చునే చోటే, చీర కొంచెం పైకి దోపుకుని వాగులో కాళ్ళు పెట్టుకుని ఉంది. పక్కన ఖాళీ వాటర్ బాటిల్. దాన్ని నింపుకుంది. ఎందుకని మేం అడగలేదు.

బనగానపల్లె దాటినాక, "బండి ఊళ్ళోకి తిప్పు నాయనా" అంది అన్నతో. ఇల్లు అమ్మి పదేళ్ళు దాటింది. కొన్నవాళ్ళు పెరట్లోకి పోనిచ్చారు. గిలక లేదు. బావిలో సగం దాకా పాలిష్ ఫ్యాక్టరీ రాతి ముక్కలు పోసి ఉన్నాయి. అమ్మ గట్టు పట్టుకుని వంగి, బాటిల్ మూత తీసి, మెల్లగా వంచింది. నీళ్ళు చీకట్లోకి పోయాయి. ఆమె అట్లాగే వంగి చెవి పెట్టి ఉంది.

అన్న పోయి కారు ఇంజను ఆపేసి వచ్చాడు.